లూపస్ వ్యాధి - దానితో కలిసి జీవించుట

వ్యాధి అనగానే ఒక గాయమో, ఒక వాపో, ఒక కట్టో మన కంటికి కనబడవలెనని అనుకొంటాము. కాలికి కట్టుతో వచ్చిన విద్యార్థికి బెంచీ మీద చోటు ఇవ్వని వారు ఉండరు. కాని పైకి నిక్షేపంగా కనబడుతూ, లోపల కీళ్ళు, మూత్రపిండములు, రక్తము ఒకేసారి దెబ్బ తింటున్న మనిషికి ఆ చోటు అంత సులభముగా దొరకదు. లూపస్ అట్టి వ్యాధులలో ఒకటి.

ఈ వ్యాసము వ్రాయుటకు మాకు ఒక కారణమున్నది. కొన్నేండ్ల క్రిందట మా తరగతిలో ఒక విద్యార్థిని ఉండేది. మొదటి సంవత్సరము చురుకుగా చదివిన ఆ అమ్మాయి రెండవ సంవత్సరములో ఉదయపు తరగతులకు ఆలస్యముగా రావటము, వ్రాతపని సగములో వదలివేయటము, ఆరుబయట జరిగే సమావేశములో నిలబడలేనని తప్పుకొనటము మొదలుపెట్టినది. మేము ఆమెను సోమరి అనుకొన్నాము. ఒకనాడు అందరి ఎదుట ఆ మాట అన్నాము కూడా. ఆమె బదులు చెప్పలేదు; తల వంచుకొని కూర్చున్నది. ఆరు నెలల తరువాత ఆమె తండ్రి ఆసుపత్రి కాగితములు తెచ్చి మా బల్ల మీద పెట్టినప్పుడు గాని మాకు సంగతి తెలియలేదు. ఆ కాగితము మీద ఉన్న పేరు సిస్టమిక్ లూపస్ ఎరిథమటోసస్. మా పొరపాటు మరొకరు చేయకుండా ఉండవలెనని, ఆనాటి నుండి చదివి, వైద్యులను అడిగి తెలిసికొన్న సంగతులను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

పేరు వెనుక కథ

లూపస్ అనగా లాటిన్ భాషలో తోడేలు. ముఖము మీద చర్మమును కొరికివేసినట్లు పుండ్లు చేసే జబ్బులకు మధ్యయుగముల నాటి ఐరోపా వైద్యులు ఈ పేరు పెట్టినారు. ఆ రోజులలో వేరువేరు జబ్బులు ఈ ఒక్క పేరు క్రిందనే చేరినవి. వాటిలో ఒకటి లూపస్ వల్గారిస్. అది నిజానికి చర్మమునకు సోకిన క్షయ. దానిని కాంతి కిరణములతో నయము చేయవచ్చునని చూపినందుకు డెన్మార్కులో పనిచేసిన వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించినది. మనము చెప్పుకొంటున్న లూపస్ దానికి పూర్తిగా వేరైనది. దీనికి క్షయతో సంబంధము లేదు; అంటువ్యాధి అంతకంటె కాదు. విచిత్రమేమనగా, ఆ లూపస్‌కు వెలుతురు మందు అయితే ఈ లూపస్‌కు వెలుతురే శత్రువు. పేరు ఒకటైనంత మాత్రమున జబ్బు ఒకటి కాదనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

ముక్కుకు రెండు ప్రక్కల, బుగ్గల మీద రెక్కలు పరచినట్లు వచ్చే ఎర్రని దద్దురును వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ హెబ్రా సీతాకోకచిలుకతో పోల్చినాడు. 1851లో ఫ్రెంచి వైద్యుడు కజనావ్ దీనికి లూపస్ ఎరిథమటోసస్ అనే పేరును స్థిరపరచినాడు. ఇది చర్మముతో ఆగిపోదని, దేహమంతటికీ సంబంధించినదని 1872లో కపోసి వివరించినాడు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు దీనివలన ఎట్లు చెడునో 1895 నుండి విలియం ఆస్లర్ వ్రాసినాడు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్, ఆయన సహచరులు ఈ రోగుల ఎముక మజ్జలో ఒక ప్రత్యేకమైన కణమును కనుగొన్నారు. ప్రయోగశాలలో ఈ వ్యాధిని గుర్తించుటకు అదే తొలి మెట్టు.

శరీరములో జరిగేదేమి?

మన రక్తములో ఒక రక్షణ వ్యవస్థ ఉన్నది. బయటి నుండి వచ్చిన సూక్ష్మజీవులను గుర్తించి, వాటిని పట్టుకొనే ప్రతిరక్షకములను తయారు చేయటము దాని పని. ఇంటి వారెవరో, దొంగ ఎవరో తెలిసిన కావలివాని వంటిదది. లూపస్ వ్యాధిలో ఈ కావలివానికి ఆ తేడా తెలియకుండా పోతుంది. మన కణముల నడుమనుండే కేంద్రకమును, అందులోని డి.ఎన్.ఏ.ను పరాయి వస్తువులుగా భ్రమించి, వాటికి విరుద్ధముగా ప్రతిరక్షకములు పుట్టుకొస్తాయి. ఈ ప్రతిరక్షకములు కేంద్రక పదార్థముతో ముడిపడి చిన్న చిన్న ముద్దలై రక్తములో తిరుగుతాయి. మూత్రపిండములోని సన్నని జల్లెడలలో, కీళ్ళలో, చర్మములో, రక్తనాళములలో అవి చిక్కుకొని అక్కడ వాపును, మంటను కలిగిస్తాయి. ఈ జబ్బు ఒక్క అవయవముతో ఆగకపోవుటకు కారణమిదే.

ఎండతో దీనికి గల సంబంధము కూడా ఇక్కడనే తెలుస్తుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు తగిలినప్పుడు చర్మములోని కొన్ని కణములు చనిపోతాయి. ఆరోగ్యవంతులలో ఆ శకలములు వెంటనే తొలగిపోతాయి. లూపస్ ఉన్నవారిలో అవి సరిగా తొలగక, లోపల దాగి ఉండవలసిన కేంద్రక పదార్థము బయటపడి, కావలివానిని మరింత రెచ్చగొడుతుంది. అందువలన ఒక మధ్యాహ్నము ఎండలో తిరిగిన ఫలము కొద్ది రోజుల తరువాత జ్వరముగా, కీళ్ళ నొప్పిగా కనబడవచ్చును.

ఇది ఎవరికి, ఎందుకు వస్తుంది? ఒక్క కారణము లేదు. వంశములో కొంత ప్రవృత్తి ఉంటుంది. కాని అచ్చముగా ఒకే పోలిక గల కవలలలో ఒకరికి వచ్చినంత మాత్రాన రెండవవారికి రావలెనని లేదు. స్త్రీల దేహములోని హార్మోనులకు ఇందులో పాత్ర ఉన్నది. ప్రతి పదిమంది రోగులలో దాదాపు తొమ్మిదిమంది స్త్రీలే. ఎక్కువగా 15 నుండి 45 సంవత్సరముల నడుమ ఇది మొదలవుతుంది. అనగా మన తరగతి గదులలో కూర్చున్న విద్యార్థినుల వయస్సు ఈ జబ్బు ఆరంభమయ్యే వయస్సే. ఈ వ్యాసమును కళాశాల పత్రికలో ప్రచురించుటకు ఇదే మా సమర్థన.

గుర్తించటము ఎట్లు?

ఈ వ్యాధి ఒక్కొక్కరిలో ఒక్కొక్క రూపములో వస్తుంది. కొందరికి వేళ్ళ కణుపులు వాచి, ఉదయము లేవగానే పిడికిలి బిగియదు. కొందరికి నెలల తరబడి సన్నని జ్వరము, విడువని నీరసము. జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. నోటిలో, అంగుటిలో నొప్పి లేని పుండ్లు లేస్తాయి. చలిలో వేళ్ళు తెల్లబడి నీలమవుతాయి. ఊపిరి లోతుగా పీల్చితే రొమ్ములో పోటు. రక్తము తగ్గి ముఖము పాలిపోతుంది. కొందరిలో మూర్ఛ, మతిభ్రమ వంటి మెదడు లక్షణములు కూడా కనబడతాయి. అన్నిటికంటె భయపడవలసినది మూత్రపిండముల చేటు. అది నొప్పి లేకుండా వస్తుంది. మూత్రములో నురుగు నిలువటము, పాదములు వాచటము, రక్తపు పోటు పెరగటము దాని సూచనలు. సామాన్యమైన మూత్ర పరీక్షతోనే ఇది చాలా వరకు బయటపడుతుంది.

మా విద్యార్థిని విషయములో ఏమి జరిగినది? కీళ్ళ నొప్పులకు వీధిలోని మందుల షాపులో నొప్పి మాత్రలు కొన్నారు. ముఖము మీది ఎరుపుకు ఎవరో ఒక లేపనము ఇచ్చినారు. జుట్టు ఊడితే నూనె మార్చినారు. జ్వరము తగ్గకపోతే దిష్టి తగిలినదన్నారు, తావీజు కట్టించినారు. పెద్దల ప్రేమను మేము తప్పు పట్టము. కాని నాలుగు లక్షణములకు నాలుగు చోట్ల నాలుగు మందులు తీసికొనుటవలన అవన్నీ ఒకే జబ్బు ముఖములని ఎవరూ గ్రహించలేదు. పాదములు వాచిన తరువాత పెద్ద ఆసుపత్రికి తీసికొని వెళ్ళినారు. అప్పటికి మూత్రపిండములు దెబ్బ తినటము ఆరంభమైనది. విచారణ లేకుండా మ్రింగే నొప్పి మాత్రలు మూత్రపిండములకు మరింత హాని చేస్తాయని కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది.

రక్త పరీక్షలలో మొదటిది ఏ.ఎన్.ఏ. లూపస్ ఉన్నవారిలో దాదాపు అందరికీ ఇది ఉన్నట్లు వస్తుంది. కాని ఇతర జబ్బులు ఉన్నవారిలో, కొందరు ఆరోగ్యవంతులలో కూడ వస్తుంది గనుక, ఆ ఒక్క కాగితము చూచి బెంబేలు పడరాదు. డి.ఎన్.ఏ. ప్రతిరక్షకములు, సి-3, సి-4 అనే రక్తపు మాంసకృత్తులు, రక్తకణముల లెక్క, మూత్రములో మాంసకృత్తు, అన్నిటికీ మించి రోగి చెప్పే మాట, ఇవన్నీ కలిపి వైద్యుడు నిర్ణయము చేస్తాడు. మూత్రపిండముల సందేహమున్నచో సన్నని సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు. కీళ్ళు, రక్షణ వ్యవస్థ జబ్బులను చూచే నిపుణులను రుమటాలజిస్టులు అంటారు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో ఇందుకు ప్రత్యేక విభాగము కలదు.

మందులు - జాగ్రత్తలు

ఈ వ్యాధిని సమూలముగా తీసివేసే మందు ఇంతవరకు లేదు. అదుపులో పెట్టే మందులు మాత్రము బాగుగా ఉన్నవి. 1950ల తొలి భాగములో వ్యాధి నిర్ణయమైన నాలుగేండ్లకు సుమారు సగము మంది మాత్రమే బ్రతికి ఉండేవారు. నేడు సరియైన చికిత్స అందినచో ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఐదేండ్లు దాటి, అనేకులు దశాబ్దముల తరబడి జీవిస్తున్నారు. ఇంత మార్పునకు కారణములలో ఒకటి మలేరియా మందు కావటము ఆశ్చర్యము. మలేరియా క్రిమిని దోమలో రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ జ్వరమునకై తయారైన మందుల వంశములోనిదే హైడ్రాక్సీక్లోరోక్విన్. లూపస్ ఉన్నవారిలో దాదాపు ప్రతి ఒక్కరికీ నేడు దీనినే ఆధారముగా ఇస్తారు. శరీరపు బరువులో కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు మించకుండా ఇస్తూ, నియమముగా కంటి పరీక్ష చేయించవలెను. 2020లో కోవిడ్‌కు ఇది పనిచేస్తుందనే ఆశతో జనము ఎగబడినప్పుడు, నిత్యము దీని మీద ఆధారపడిన లూపస్ రోగులు మాత్రలు దొరకక ఇబ్బంది పడినారు. తరువాత జరిగిన పరీక్షలలో కోవిడ్‌కు దానివలన మేలు లేదని తేలినది.

వ్యాధి విజృంభించినప్పుడు స్టెరాయిడ్లు ప్రాణము నిలుపుతాయి. అవే ఎక్కువ కాలము వాడితే ముఖము గుండ్రమవుతుంది, ఒళ్ళు వస్తుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు పలుచబడతాయి, అంటురోగములు తేలికగా సోకుతాయి. క్షయ తిరుగుతున్న మన దేశములో ఈ చివరి మాట మరువరాదు. ముఖము ఉబ్బినదని చిన్నబుచ్చుకొని ఎందరో యువతులు చెప్పకుండా మాత్రలు మానివేస్తారు. ఇది ప్రాణాపాయము. బయటి నుండి మందు అందుతున్నంత కాలము దేహములోని అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకొని ఉంటాయి. మందు హఠాత్తుగా ఆపితే అవి వెంటనే అందుకొనలేవు. తగ్గించవలసినది వైద్యుడే, క్రమక్రమముగానే. ఇవి గాక మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్, అజాథయోప్రిన్ వంటి మందులు, 2011 నుండి బెలిముమాబ్ అనే సూదిమందు వాడుకలోనికి వచ్చినవి.

నిత్యజీవితములో

లూపస్ ఉన్నవారి దినచర్యలో మొదటి లెక్క శక్తిది. వారి నీరసము ఒక రాత్రి నిద్రతో తీరేది కాదు. ఉదయము స్నానము చేసి, జడ వేసికొని, రెండు బస్సులు మారి కళాశాలకు చేరేసరికే ఆనాటి బలములో సగము వ్యయమైపోతుంది. నిన్న నవ్వుతూ తిరిగిన మనిషి నేడు మంచము దిగలేకపోవచ్చును. దీనిని చూచి "నిన్న బాగానే ఉన్నావు గదా" అనే మాట వారు రోజూ వినే మాట. జబ్బు తగ్గి, హెచ్చి, మళ్ళీ తగ్గటము దీని స్వభావమని తెలిసినచో ఆ మాట మన నోటి నుండి రాదు.

ఎండ విషయములో పది గంటల నుండి నాలుగు గంటల వరకు నీడ పట్టున ఉండటము, గొడుగు, పొడుగు చేతుల దుస్తులు, ఎండ లేపనము అవసరము. పరదా పాటించే విద్యార్థినులకు వస్త్రమే కొంత రక్షణ ఇస్తుంది; ముఖము, చేతులు మాత్రము మిగులుతాయి. ఎండ తగలనందువలన డి విటమిను తగ్గుతుంది గనుక దానిని వైద్యుని సలహాతో మందుగా తీసికొనవలెను. అతినీలలోహిత కిరణములలో కొంత భాగము కిటికీ అద్దము గుండా కూడ వస్తుంది. మా విద్యార్థిని కిటికీ ప్రక్క బెంచీ మార్చమని రెండుసార్లు అడిగినది. ఆమె ఎందుకు అడిగినదో అప్పుడు మాకు తెలియలేదు, మేము మార్చలేదు.

రంజాన్ మాసములో రోజా ఉండవచ్చునా అనే ప్రశ్న మన విద్యార్థుల ఇళ్ళలో తప్పక వస్తుంది. రోగి అయినవారు ఉపవాసము విడిచి, ఆరోగ్యము కుదుటపడిన తరువాత ఆ దినములను పూర్తి చేసికొనవచ్చునని పవిత్ర ఖుర్ఆన్ రెండవ సూరాలోనే అనుమతి ఉన్నది. తిరిగి కోలుకొనే ఆశ లేని జబ్బు గలవారు ఒక్కొక్క దినమునకు ఒక పేదకు భోజనము పెట్టే ఫిద్యా మార్గము ఉన్నదని ఉలమాలు చెబుతారు. మూత్రపిండములు చెడినవారికి, వ్యాధి విజృంభించి ఉన్నవారికి దప్పిక, నీటి లోటు హాని చేస్తాయి. జబ్బు అణగి ఉన్నవారు వైద్యుని అడిగి, సహర్, ఇఫ్తార్ వేళలకు మందులు సర్దుకొని ఉండగలరేమో తెలిసికొనవలెను. మందు మాని రోజా ఉండటము మాత్రము ఎవరూ చేయరాదు. భక్తి గల ఇంట ఉపవాసము విడిచిన ఆడపిల్ల సిగ్గుపడి దాగవలసిన అగత్యము రానీయకుండా చూడటము పెద్దల బాధ్యత.

ఇక వివాహము. సంబంధములు చెడతాయని చాలా కుటుంబములు ఈ జబ్బును దాచుతాయి. దాచినందువలన అత్తవారింట మాత్రలు దొంగచాటుగా మ్రింగవలసి వస్తుంది, లేదా మానవలసి వస్తుంది. లూపస్ ఉన్న స్త్రీలు తల్లులు కాలేరనే మాట నిజము కాదు. వ్యాధి కనీసము ఆరు నెలలు అణగి ఉన్న తరువాత, వైద్యుల పర్యవేక్షణలో గర్భము ధరిస్తే ఎక్కువమందికి సుఖముగా కాన్పు అవుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భములో కూడ కొనసాగిస్తారు. మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్ వంటివి మాత్రము బిడ్డకు చేటు చేస్తాయి గనుక ముందుగానే మార్చవలెను. భర్తకు తెలియని జబ్బుకు ఈ ఏర్పాటు ఎట్లు జరుగుతుంది? అందువలన నిజము చెప్పటము నీతి మాత్రమే కాదు, వైద్యము కూడ.

దాచుటను గురించి మరొక ఉదాహరణము. అమెరికా రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ తండ్రి 1941లో లూపస్‌తో మరణించినాడు. ఆమెకు కూడ 1950 చివరలో అదే జబ్బు వచ్చినది. తల్లి ఆ పేరు చెప్పక కీళ్ళ వాతమని నమ్మించినది. 1952లో ఒక స్నేహితురాలు చెప్పగా గాని ఆమెకు నిజము తెలియలేదు. తెలిసిన తరువాత ఆమె క్రుంగిపోలేదు. ఊతకర్రలతో నడుస్తూ, ప్రతి ఉదయము కొద్ది గంటలు వ్రాతకే కేటాయించుకొని, కథలతో, నవలలతో తన దేశ సాహిత్యములో స్థానము సంపాదించి, 1964లో 39వ ఏట కన్నుమూసినది. నేటి మందులు ఆనాడు లేవు. ఉన్న శక్తిని ఎక్కడ వినియోగించవలెనో ఆమె ఎరిగినది.

మన కర్తవ్యము

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి కొద్దిపాటిది. ఇందుకు పెద్ద వ్యయము కాదు. దీర్ఘవ్యాధి గల విద్యార్థులు వైద్యుని పత్రము చూపినప్పుడు హాజరు విషయములో సానుభూతితో పరిశీలించవలెను. వారి తరగతి క్రింది అంతస్తులో ఉండునట్లు, పరీక్షలో వారి చోటు కిటికీకి దూరముగా ఉండునట్లు చూడవచ్చును. వ్రేళ్ళు వాచినవారికి అదనపు సమయము కొరకు విశ్వవిద్యాలయమునకు కళాశాల తరఫున వ్రాయవచ్చును. సమావేశములు, క్రీడా దినోత్సవములలో నీడన కూర్చుండుటకు కారణము అందరి ఎదుట అడుగరాదు. ఏటా ఒకసారి జరిగే ఆరోగ్య పరీక్షలో మూత్ర పరీక్షను, రక్తపు పోటును కూడ చేర్చినచో ఏ ఒక్కరి మూత్రపిండములైనా సకాలములో దక్కవచ్చును.

విద్యార్థులారా, మీ చేతిలో ఉన్నది ఇంకా ఎక్కువ. తరగతికి రాలేని స్నేహితురాలికి పాఠములు వ్రాసి ఇవ్వండి. ముఖము ఉబ్బినదని, జుట్టు పలుచబడినదని పరిహాసము చేయకండి. అది అంటుకొనే జబ్బు కాదని ఇంటివద్ద చెప్పండి. మీలో ఎవరికైనా వారముల తరబడి కీళ్ళ నొప్పులు, జ్వరము, ముఖము మీద ఎరుపు ఉన్నచో మందుల షాపుతో సరిపెట్టుకొనక మంచి వైద్యునికి చూపించుకొనండి.

మా విద్యార్థిని ఒక సంవత్సరము ఆలస్యముగా పరీక్షలు వ్రాసి ఉత్తీర్ణురాలైనది. నేటికీ మాత్రలు వేసికొంటున్నది, మూత్రపిండములు నిలిచినవి. పట్టా తీసికొన్న రోజున మా వద్దకు వచ్చినప్పుడు, ఆనాడు తరగతిలో అన్న మాటకు మేము క్షమాపణ చెప్పినాము. "సార్, అప్పుడు నాకే తెలియదు, మీకెట్లా తెలుస్తుంది" అన్నది. ఆ మాట ఆమె మంచితనము. తెలిసికొనవలసిన బాధ్యత మాత్రము మాదే. ఇప్పుడు మీకు కూడ తెలిసినది.